మేడమ్ ముఖం చూసి రాసిన చీటీలు

పోయిన ఆదివారం మా వంటింట్లో కుళాయి కారుతోందని మా మనవరాలు ఫోన్లో ఏదో యాప్ నుంచి ప్లంబరును పిలిపించింది. అతను వచ్చి అరగంట సేపు తంటాలు పడి, వాషరు మార్చానని చెప్పి, వెళుతూ వెళుతూ గుమ్మం దగ్గర ఆగి "అంకుల్‌జీ, రేటింగ్ అచ్ఛా దే దేనా" అని, మంచి రేటింగు కోసం చేతులు జోడించాడు. అతను లిఫ్టులో అడుగు పెట్టాడో లేదో నా ఫోను టింగుమని మోగి, పని ఎలా జరిగిందో చెప్పమంటూ ఐదు నక్షత్రాలు చూపించింది, నేను ఆలోచించకుండా ఐదూ నొక్కేశాను. గ్రేటర్ నోయిడా హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతూ సెలవు రోజుల్లో మా మయూర్ విహార్ ఫ్లాటుకు వచ్చే మా మనవరాలికి తెలుగంతా అర్థమవుతుంది గాని జవాబు మాత్రం హిందీలోనే ఇస్తుంది. వంటింట్లోంచి తొంగి చూసి, "తాతయ్యా, నల్ తో అబ్ భీ టపక్ రహా హై. ఫిర్ ఫైవ్ స్టార్ క్యోం?" అంది. కుళాయి ఇంకా కారుతూనే ఉంటే ఐదు నక్షత్రాలు ఎందుకని.

ఎందుకో నాకూ తెలియదు. అతను చేతులు జోడించాడు కాబట్టి కాదనలేకపోయానని చెప్పి తప్పించుకున్నాను గాని, ఆ జవాబు నాకే అతకలేదు. ఎదుటి మనిషి ఏం వినాలనుకుంటున్నాడో అది నాకు ముందుగా తెలిసిపోతుంది, తెలిశాక నా చెయ్యి దాన్నే రాస్తుంది, నేను చూసినది ఎక్కడో వెనక ఉండిపోతుంది. ఈ జబ్బు ఇప్పటిది కాదు. దీనివల్ల పాతికేళ్లకు పైగా నా మనసులో ఒక ముడి పడి ఉంది, అది విప్పబోయినప్పుడల్లా ఇంకా బిగుసుకుంటోంది. ఈ వారమంతా అదే ఆలోచన కాబట్టి, నా వయసు వాళ్లు ఎవరైనా చదివి ఇందులో తప్పెవరిదో నాకు చెబుతారేమోనన్న ఆశతో ఇది రాస్తున్నాను.

నేను బందరు నుంచి ఢిల్లీ వచ్చి ఒక మంత్రిత్వశాఖలో గుమాస్తాగా చేరాను. కరోల్ బాగ్‌లో మేడ మీద ఒక్క గది, ఎండాకాలం పెనం మీద ఉన్నట్టు, చలికాలం ఐసు పెట్టెలో ఉన్నట్టు ఉండేది, అయినా కింది వీధిలో ఇడ్లీ పిండి దొరికేది కాబట్టి మా ఆవిడ ఆ గదిని వదలనిచ్చేది కాదు. ఆ ఆఫీసులో పన్నెండేళ్లలో నేను నేర్చుకున్న విద్య ఒకటే. ఫైలు మీద నోట్ రాసే ముందు పై అధికారి మనసులో ఏముందో కనిపెట్టడం. సెక్షన్ ఆఫీసరు ఫైలును మెల్లగా మన వైపు జరిపితే 'పరిశీలించవచ్చు' అని రాయాలి, విసిరితే 'అవకాశం లేదు' అని రాయాలి. అది అబద్ధమని మేమెవరమూ అనుకోలేదు. అనుభవం అనుకున్నాం, కొత్తగా చేరినవాళ్లకు నేర్పించాం కూడా.

తొంభైల మొదట్లో ఒక విదేశీ సహాయ సంస్థ తన ఢిల్లీ ఆఫీసుకు మనుషుల్ని తీసుకుంటోందని మా బావమరిది కబురు తెచ్చాడు. సర్కారు ఉద్యోగం వదిలి ఏడాదికోసారి ఒప్పందం కాగితం మార్చే కొలువులో చేరానని తెలిసి మా నాన్నగారు నెల రోజులు నాకు ఉత్తరం రాయలేదు. నా పని ఏమిటంటే, మా ఆఫీసరు ఊళ్లకు వెళ్లినప్పుడు వెంట వెళ్లి అక్కడి హిందీని ఇంగ్లీషులో చెప్పడం, తిరిగి వచ్చాక రిపోర్టులు టైపు చెయ్యడం. ఆ ఆఫీసరు ఒక ఆడమనిషి అనీ, తనను పేరు పెట్టి పిలవమంటారనీ చేరిన రోజునే తెలిసింది. పేరు పెట్టి పిలవడం నా నాలుకకు ఎంతకీ రాలేదు. మూడేళ్లూ మేడమ్ అనే పిలిచాను, ఇక్కడా అలాగే పిలుస్తాను.

మేడమ్‌ది యూరప్‌లో ఒక చలిదేశం, ఆలుగడ్డలు పండించే రైతు కుటుంబం. నర్సు చదువు పూర్తి చేసి, పాతికేళ్లప్పుడు కరువొచ్చిన ఒక ఆఫ్రికా దేశానికి రెండేళ్ల కోసమని వెళ్లారట, ఆ తర్వాత మళ్లీ సొంత ఊళ్లో ఇల్లు పెట్టనే లేదు. మూడేళ్లకో దేశం. ఒకచోట ఎడారి, ఒకచోట కొండలు, ఒకచోట ఏడాదిలో సగం రోజులు వాన కురిసే దీవి, ఆ తర్వాత మన ఢిల్లీ. పెళ్లి చేసుకున్నారని ఒకరు, లేదని ఒకరు ఆఫీసులో వాదించుకునేవారు గాని నేను అడగలేదు. దక్షిణ ఢిల్లీలో నెమళ్లు తిరిగే కాలనీలో సంస్థవాళ్లు ఆవిడకు పెద్ద ఇల్లిచ్చారు, ఆ ఇంట్లో మాత్రం ఆవిడవి మూడు ఇనప పెట్టెలే. వాటిలో పట్టని వస్తువు కొనకూడదని నియమం పెట్టుకున్నారు. గోడకు ఒక్క మేకు కొట్టనిచ్చేవారు కాదు, పటాలన్నీ నేల మీద గోడకు ఆనించి ఉండేవి. ఎందుకలా అంటే, మళ్లీ పీకే పని ఎందుకని అన్నారు.

మీ ఇల్లెక్కడ అని ఒకసారి అడిగాను. మా చెల్లెలి ఇంటి కింద గదిలో నా పేరు రాసిన అట్టపెట్టె ఒకటుంది, బహుశా అదే అని నవ్వారు. నేను ఇంటికి వచ్చి ఈ మాట మా ఆవిడకు చెబితే, "పాపం, అంత పెద్ద ఆఫీసరు అయ్యుండీ ఏం లాభమండీ" అంది. నాకు జాలిపడాలో అసూయపడాలో తెలియలేదు. దేశదేశాల్లో ఎందరికో మంచినీళ్లు, మందులు చేర్చిన మనిషి తన కప్పు తానే కడుక్కుని, సాయంత్రం ఆ పెద్ద ఇంట్లో ఒక్కతే కూర్చుని చెల్లెలికి ఉత్తరాలు రాసుకునేవారు. ఆవిడది ఉద్యోగమా, వ్రతమా, పారిపోవడమా అని అప్పుడప్పుడు అనుకునేవాణ్ణి, ఎప్పుడూ తేల్చుకోలేకపోయాను.

జీపులో ఆవిడ ముందు సీట్లో డ్రైవరు భయ్యా పక్కన కూర్చునేవారు, నేను వెనక. పెద్ద ఆఫీసర్లు వెనక కూర్చోవడమే ఎరిగిన డ్రైవరు భయ్యాకు అది మొదటి ఇబ్బంది. రెండో ఇబ్బంది తిరుగు ప్రయాణంలో ఎవరూ మాట్లాడకూడదనే నియమం. ఊరు చూసి జీపు ఎక్కామంటే ఇక మౌనమే. ఆఫీసుకు రాగానే ఆవిడ గదిలో ఆవిడ, నా బల్ల దగ్గర నేను, చూసినవన్నీ ఒక చీటీ మీద రాసి కవరులో పెట్టాలి. మర్నాడు పొద్దున్న ఆవిడ రెండు కవర్లూ విప్పి పక్కపక్కన పెట్టేవారు. రెండింటిలోనూ ఉన్నది రిపోర్టులోకి వెళుతుంది. ఒకదానిలోనే ఉన్నది ఏదైనా కనబడితే దాని కోసం మళ్లీ ఆ ఊరు వెళ్లి చూడాలి. మొదట్లో డ్రైవరు భయ్యా మా ఇద్దరి మధ్యా గొడవ జరిగిందనుకుని, నన్ను పక్కకు పిలిచి, "సాబ్, మేడమ్‌సే ఝగడా హువా క్యా?" అని అడిగాడు.

ఈ పద్ధతి ఎందుకు పెట్టుకున్నారో ఒక్కసారే చెప్పారు. ఆ కరువుదేశంలో తిండిగింజలు పంచే శిబిరం చూడటానికి ఐదుగురు వెళ్లారట. తిరిగి వస్తుంటే బండిలో అందరికంటే పెద్దాయన పంపకం బాగానే జరుగుతోందన్నాడట, మిగతా నలుగురూ తలూపారట. వెనక వరుసల వాళ్లకు గింజలు అందడం లేదని నెల తర్వాత తెలిసింది. ఆ నెలలో ఏమైందో ఆవిడ చెప్పలేదు, కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. అప్పటినుంచి ఎవరి కళ్లు వాళ్లవే అన్నారు.

వినడానికి నాకు ఎంతో గొప్పగా అనిపించింది, మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాను. మెచ్చుకుంటూనే, మొదటి ప్రయాణం నుంచీ నా పాత విద్యను బయటికి తీశాను. మోసం చెయ్యాలని కాదు, అలా తప్ప రాయడం నాకు చేతకాదు. ఊరు నచ్చితే ఆవిడ మెడకు చుట్టుకున్న స్కార్ఫు వదులు చేసుకునేవారు, నచ్చకపోతే కళ్లజోడు తీసి కుర్తా అంచుతో తుడిచిందే తుడిచేవారు. వెనక సీట్లోంచి అంతా కనబడేది. మాట్లాడవద్దన్నారు గాని చూడవద్దనలేదు కదా! నా చీటీ ఆవిడ చీటీతో ప్రతిసారీ చక్కగా కలిసేది. వేరే వేరే దేశాల్లో పుట్టిన రెండు జతల కళ్లు ఒకే విషయం చూశాయంటే అది నిజమై తీరాలని ఆవిడ మురిసిపోయేవారు, నేను కూడా మురిసిపోయేవాణ్ణి.

నోయిడా దాటాక, ఇప్పుడు గ్రేటర్ నోయిడా అంటున్న వైపు, అప్పుడన్నీ ఆవాల చేలు, ఇటుక బట్టీలు. అక్కడ కొన్ని ఊళ్లలో మా సంస్థ మంత్రసానులకు శిక్షణ ఇచ్చింది. ఊరికొక పురుటిగది కట్టించి, నెల నెలా ఒక్కొక్క మంత్రసానికి కాన్పు సామాను పొట్లాలు పంపేది, ఒక్కో పొట్లంలో సబ్బు, కొత్త బ్లేడు, దారం, పరిచే ప్లాస్టిక్ గుడ్డ, గోళ్లు రుద్దుకునే బ్రష్షు. ఈ పని పొడిగించాలా, ఆపాలా అని పైవాళ్లు మేడమ్‌ను అడిగారు. ఒక్క ఊరికి ముందుగా చెప్పి వెళ్లి, బాగా చూసి, దాన్ని బట్టి నిర్ణయిద్దామని ఆవిడ అనుకున్నారు. చలికాలం పొద్దున, పొగమంచు విడవకముందే బయల్దేరాం.

పురుటిగది ఊరి ప్రధాన్, అంటే సర్పంచి, ఇంటిని ఆనుకుని ఉంది, తాళం చెవి ఆయన మొలకే వేలాడుతోంది. తలుపు తీస్తే లోపల బల్ల మెరిసిపోతోంది, ఎవరూ దాని మీద పడుకున్న జాడ లేదు. రిజిస్టరు తెరిస్తే తెల్ల కాగితాలు. మూలల్లో గోధుమ గింజలు రాలి ఉన్నాయి, బస్తాలు ఆ పొద్దున్నే తీశారని గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. మేడమ్ వంగి రెండు గింజలు ఏరి అరచేతిలో పెట్టుకుని చూశారు. తర్వాత కళ్లజోడు తీశారు.

ప్రధాన్ ఆవిడను బలవంతాన టీకి కూర్చోబెట్టాడు. జీపులో నీళ్లు అయిపోయాయని డ్రైవరు భయ్యా బకెట్టు అడిగితే, అతనికి చేతిపంపు చూపించడానికి వచ్చిన ముసలామె వెంట నేను కూడా నడిచాను. ఆమే ఆ ఊరి దాయీ, అంటే మంత్రసాని. ఊరి చివర మట్టిగోడల ఇల్లు. గుమ్మం పక్కన ఒక డబ్బా మూతలో సబ్బుముక్క ఉంది, అరిగి అరిగి తమలపాకంత పలచగా అయింది. పక్కనే బ్రష్షు, దాని కుచ్చు సగం ఊడింది. ఆమె గోళ్లు మాంసం దాకా కత్తిరించి ఉన్నాయి. నేను చూస్తున్నానని గ్రహించి నన్ను సందులోకి తీసుకెళ్లి, మూడిళ్ల ముందు ఆగి ముగ్గురు చంటిపిల్లల్ని చూపించింది, ముగ్గురూ ఆమె చేతుల మీద, వాళ్ల వాళ్ల ఇళ్లల్లోనే పుట్టారు.

ఆ గదికి ఎవరూ ఎందుకు రారని అడిగాను. ఆమె నవ్వి, ప్రధాన్ గడప తన కులంవాళ్లు తొక్కకూడదనీ, ఇక తను పురుడు పోసే సందుల్లోని ఆడవాళ్లు ఎలా తొక్కుతారనీ చెప్పింది. పైగా పురిటి మనిషి ఇల్లు దాటి వెళ్లడం ఇక్కడ లేదంది. "బేటా, మేమ్‌సాబ్‌సే బోల్ దేనా, కమ్రా నహీ చాహియే. బస్ సామాన్ భేజ్‌తే రహే" అంది. గది వద్దు, సామాను పంపిస్తుంటే చాలు. అంతకంటే తేలిక మాట ఉంటుందా? తప్పకుండా చెబుతానన్నాను. వెనక్కి తిరిగేసరికి మేడమ్ నన్ను వెతుక్కుంటూ వచ్చి దాయీ గుమ్మం దగ్గర ఒక్క నిమిషం నిలబడి, టైమైంది పదమన్నట్టు చెయ్యి ఊపి వెళ్లిపోయారు.

జీపులో మాట్లాడకూడదు. అదీ ఒక సాకు అయింది నాకు. రాయాలనే అనుకున్నాను, దేవుడి తోడు, రాయాలనే అనుకున్నాను. కాని ఆవిడ యమున వంతెన దాకా కళ్లజోడు తుడుస్తూనే ఉన్నారు. బల్ల దగ్గర కూర్చుని 'గదికి తాళం, రిజిస్టరు ఖాళీ, గోధుమ గింజలు' అని రాశాక కలం ఆగిపోయింది. సబ్బు గురించి రాస్తే చీటీలు కలవవు. ఆవిడ ఆ గదిని చూసి అంత బాధపడ్డాక, నేను ఒక సబ్బుముక్కను చూపించి బాగుందనడం ఆవిడ మాటకు ఎదురు చెప్పడమే కదా! ఏడాది కాగితం మార్చే నెల కూడా దగ్గర పడుతోంది. ఇవన్నీ కలిశాయో, వీటిలో ఒకటేనో, లేక కేవలం నా చేతి అలవాటేనో, ఎన్నిసార్లు వెనక్కి వెళ్లి ఆ బల్ల దగ్గర కూర్చున్నా నాకు అంతుపట్టదు. కవరు అంటించేశాను.

మర్నాడు ఆవిడ రెండు చీటీలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. ఎప్పుడూ ఉండే మురిపెం లేదు. తలెత్తి, ఇంతేనా, ఇంకేమీ చూడలేదా అని అడిగారు. ఈ ప్రశ్న అంతకు ముందెప్పుడూ అడగలేదు. నేనేమో అది నా గట్టితనానికి పెట్టిన పరీక్ష అనుకున్నాను, ఒకసారి రాసిన నోట్ నుంచి వెనక్కి జారకూడదని మా పాత ఆఫీసులో నేర్పిన పాఠం గుర్తు చేసుకున్నాను. ఇంతే మేడమ్ అన్నాను. ఆవిడ సరేనని తలాడించి, ఆపేద్దామని రాయించారు. పొట్లాలు పంపడం ఆపమన్న కాగితం నేనే టైపు చేశాను.

ఆ రాత్రి భోజనం దగ్గర మా ఆవిడకు చెబితే, వడ్డిస్తున్నది ఆగిపోయి, "ఆ ముసలావిడ నోరు తెరిచి సామాను అడిగింది, మీరు మాటిచ్చి వచ్చారు, అయినా ఎలా ఊరుకున్నారండీ?" అంది. నేను విసుక్కున్నాను. ఆఫీసు సంగతులు నీకు తెలియవన్నాను. మా ఆవిడకు ఆఫీసు సంగతులు తెలియవు గాని, మా అమ్మాయి పుట్టినప్పుడు ఆసుపత్రిలో తన ప్రాణం మీదికి ఎలా వచ్చిందో తెలుసు, అందుకే వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆ తర్వాత ఏడాదిలోపే మేడమ్ మూడేళ్లూ నిండాయి. మూడు పెట్టెలూ సర్దుకున్నారు, గోడలు కట్టినప్పటిలాగే ఉన్నాయి. వెళ్లే ముందు నన్ను పిలిచి, నా ముందు ఉద్యోగాలకు పనికొస్తుందని ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు. ఇతను నాకు నచ్చే మాట కాక తాను చూసిన మాట రాసే మనిషి, ఈ దేశంలో నా రెండో జత కళ్లు ఇతనే అని ఉంది అందులో. చదువుతుంటే నా చెవులు వేడెక్కాయి. ఎత్తిపొడుపేమోనని ఆవిడ ముఖం చూశాను. అన్నేళ్లు చదివిన ముఖం ఆ రోజు నాకు ఒక్క అక్షరం కూడా అర్థం కాలేదు. ఆ కాగితం చూసే తర్వాతి ఆఫీసువాళ్లు నన్ను తీసుకున్నారు, ఆ జీతం మీదే ఈ మయూర్ విహార్ ఫ్లాటు సమకూరింది.

నాలుగేళ్లు కొత్త సంవత్సరానికి ఒకరికొకరం కార్డులు పంపుకున్నాం. ఆవిడ ఇంకో దేశంలో పనిచేసి, రిటైరై, చెల్లెలి ఊళ్లోనే సముద్రం ఒడ్డున చిన్న ఇల్లు తీసుకున్నారని తెలిసింది. ఎందుకో ఆ ఏడాది కార్డుకు బదులు ఉత్తరం రాశాను. స్కార్ఫు సంగతి, కళ్లజోడు సంగతి, సబ్బు సంగతి, దాయీ అడిగిన మాట, ఏదీ దాచకుండా రాసి, రిజిస్టరు పోస్టులో పడేశాక రెండు నెలలు భయపడుతూ గడిపాను.

జవాబు సన్నటి చేతిరాతలో వచ్చింది. కోపం లేదు. తాను కూడా ఆ రోజు గుమ్మంలో సబ్బు చూశానని రాశారు. ఆ ముసలామె చేతుల్ని చూసి మనసు కరిగిందనీ, పోస్టింగు చివర్లో తన మనసు ప్రతిదానికీ కరుగుతోందని తనకే అనుమానంగా ఉండి రాయలేదనీ, నిజంగా విలువైనదైతే అది నా చీటీలో ఉంటుందని ఎదురుచూశాననీ రాశారు. అందుకే ఆ పొద్దున ఇంకేమీ చూడలేదా అని అడిగాను, నువ్వు లేదన్నావు కాబట్టి నా కళ్లనే తప్పుపట్టుకున్నాను అని ముగించారు. ఉత్తరం ఎన్నిసార్లు చదివానో! నేను ఆవిడ ముఖం చూసి రాశాను, ఆవిడ నా చీటీ చూసి తన మాట మింగేశారు. మరైతే ఆ ఊరిని ఎవరు చూసినట్టు? ఆ పని ఆపింది ఆవిడా, నేనా, ఆవిడ నమ్ముకున్న ఆ పద్ధతా?

కనీసం దాయీకైనా నిజం చెప్పాలనిపించింది. ఆ ఆదివారమే నోయిడాకు బస్సు, అక్కడినుంచి ఇంకో బస్సు, తర్వాత టెంపో పట్టుకుని వెళ్లాను. ఆవాల చేల మధ్య సున్నంతో గీతలు గీసి, సిమెంటు రాళ్లు పాతి ఉన్నాయి, ఊరి నడుమ నుంచి వెడల్పాటి రోడ్డు వస్తోందన్నారు. పురుటిగదిలో భూముల లెక్కలవాళ్లు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. దాయీ ఇంటి ముందు నులకమంచం మీద ఎండకు కూర్చుని ఉంది. రెండు కళ్లకూ పొరలు కమ్మాయి. నా గొంతు పోల్చుకుంది.

పక్కన కూర్చోబెట్టుకుని ఊరి కబుర్లన్నీ చెప్పింది. బ్లేడు ఇప్పుడు దుకాణంలో కొనుక్కుంటోంది, సబ్బు ఉన్నప్పుడు ఉంటుంది, లేనప్పుడు బూడిదతో తోముకుంటోంది. ఆ మధ్య వానాకాలంలో మూడో ఇంటి కోడలు కాన్పైన వారానికి జ్వరంతో పోయిందట. అది నన్ను అనడానికి చెప్పలేదు, ఊళ్లో జరిగిన పదింటిలో ఒకటిగా చెప్పింది. ఆ పొట్లాలు వస్తూ ఉంటే ఆ పిల్ల బతికేదా? బతికేదేమో. బతకకపోయేదేమో. ఆ జవాబు ఇప్పటికీ ఎవరి దగ్గరా లేదు, నా దగ్గర అసలే లేదు.

నేను నోరు విప్పబోయేంతలో ఆమే నా మోచెయ్యి పట్టుకుని, "బేటా, తూనే మేమ్‌సాబ్‌సే కహా థా న?" అంది. చెప్పావు కదా అని. పొరలు కమ్మిన ఆ కళ్లు నావైపే ఉన్నాయి. ఆ ముఖంలో ఏముందో నాకు తెలిసిపోయింది. నేను చెప్పి ఉంటానని ఆమె నమ్మకం, ఆ నమ్మకం నిలబడాలని ఆశ. రెండు బస్సులు మారి ఏం చెప్పడానికి వెళ్లానో అది గొంతులోనే ఉంది. "కహా థా, అమ్మా" అన్నాను.

ఆమె నా చెయ్యి తట్టింది. "ఫిర్ తేరీ క్యా గల్తీ," అంది, ఇక నీ తప్పేముంది, పెద్దవాళ్లకు వాళ్ల ఇబ్బందులు ఏమున్నాయో అని మేడమ్‌ను కూడా వెనకేసుకొచ్చింది. వచ్చేటప్పుడు చేనులోంచి ఆవాల ఆకుకూర కోయించి నా సంచి నిండా పెట్టింది. టెంపోలో ఆ సంచి ఒళ్లో పెట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాను, పక్కనాయన ఎవరైనా పోయారా అని అడిగాడు.

మనవరాలిని హాస్టల్లో దింపడానికి ఇప్పుడు ఆ దారినే మెట్రోలో వెళుతుంటాను. చేలు లేవు, బట్టీలు లేవు, ముప్పై అంతస్తుల మేడలూ అద్దాల ఆసుపత్రులూ వచ్చాయి. కాన్పు కోసం కార్లో వచ్చి చక్రాల కుర్చీలో లోపలికి వెళుతున్నారు ఆడపిల్లలు, ఎంత మంచి మార్పు, దీనికి నేను దిగులుపడను. ఒకసారి ఆసుపత్రి గేటు దగ్గర ఆగి ఆ ఊరి పేరు చెప్పి అడిగితే, వాచ్‌మన్ ఎంతో మర్యాదగా, "పతా నహీ అంకుల్, మై నయా హూఁ" అన్నాడు. అక్కడ అందరూ కొత్తవాళ్లే. మేడమ్ దగ్గర్నుంచి కార్డులు ఆగిపోయి చాలా ఏళ్లయింది, దాయీ ఎప్పుడు పోయిందో, ఎక్కడ పోయిందో చెప్పేవాళ్లు లేరు. అప్పట్లో ఒక మాట కోసం ఇద్దరు ఆడవాళ్లు నా ముఖంలోకి చూశారు, ఇద్దరికీ వాళ్ల ముఖాల్లో ఉన్నదే చదివి వినిపించాను. దాయీ నన్ను క్షమించింది, అది నిజమే. కాని ఆమె క్షమించింది చెప్పినవాణ్ణి. చెప్పనివాడు ఇంకా ఆ మేడల మధ్య ఆమె ఇల్లు వెతుక్కుంటున్నాడు.